ముందే అచ్చైన పేరు

ఆటల రోజున ముఖ్య అతిథి ఎప్పుడూ అరగంటకు మించి కూర్చోడు. ఒక ఏడాది పందేలు అయ్యాక ప్రశంసాపత్రాల మీద పేర్లు రాస్తూ కూర్చుంటే, ఆయన వాచీ చూసుకుని, చేతులు జోడించి కారెక్కేశాడు. పిల్లలు ఖాళీ వేదిక ముందు వరసగా నిలబడిపోయారు. అది చూడలేక ఆటల మేష్టారు ఒక ఉపాయం కనిపెట్టాడు. నాలుగు రోజుల ముందు రిహార్సల్ పెట్టి, అందులో ఎవరు నెగ్గితే వాళ్ళ పేర్లే అచ్చు వేయించడం మొదలుపెట్టాడు. ఇవాళ నెగ్గినవాళ్ళే నాలుగు రోజుల తరవాతా నెగ్గుతారని ఆయన ధీమా. ఏడేళ్ళు బండి అలాగే నడిచింది. ఎక్కడైనా తేడా వచ్చినా చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఈసారి రిహార్సల్ నాడు పిచ్చుకకు జ్వరం. గదులు తుడిచే ఆయా కూతురది, రెండో తరగతి. గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయేలా ఉంటుందని తోటిపిల్లలు పెట్టిన పేరు. జ్వరం తగ్గిందో లేదో, గోనెసంచి పందెం కోసమని తలగడ గలీబులో కాళ్ళు దూర్చి ఇల్లంతా తిరుగుతోందని ఆయా వచ్చి మొరపెట్టుకుంది.

"మీరైనా చెప్పండి మాస్టారూ. ఉన్న ఒక్క గలీబూ చింపేసేలా ఉంది."

ఆయన నవ్వి, దాన్నీ గీత మీద నిలబెడతానని మాటిచ్చాడు. పేర్లు అప్పటికే అచ్చుకు వెళ్ళిన సంగతి ఆ క్షణంలో తట్టనే లేదు.

ఆటల రోజున గోనెసంచి పందెంలో పిల్లలందరూ పెద్ద పెద్ద గెంతులు వేసి బొక్కబోర్లా పడ్డారు. పిచ్చుక గెంతనే లేదు. సంచి రెండు మూలల్లో పాదాలు ఇరికించి, అంచు గుండెల దాకా లాక్కుని, చకచకా చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ పోయింది. అది గీత దాటేసరికి రెండోవాడు ఇంకా సగం దారిలో ఉన్నాడు. ఎవరూ చెప్పకుండానే వెళ్ళి, ఒకటి అంకె వేసిన చెక్కపెట్టె ఎక్కి నిలబడింది. నీళ్ళ డ్రమ్ము దగ్గర గ్లాసులు కడుగుతున్న ఆయా తడిచేతులతో అలాగే చూస్తూ ఉండిపోయింది.

పత్రం మీద రిహార్సల్లో నెగ్గిన డాక్టరుగారి అబ్బాయి పేరు అచ్చయి ఉందని మేష్టారికి అప్పుడు గుర్తొచ్చింది. పెద్దమేడం దగ్గరికెళ్ళి చెవిలో చెప్పాడు. ఆవిడ మొహాన నవ్వు చెదరనివ్వకుండానే జవాబిచ్చింది.

"అచ్చయిపోయింది మాస్టారూ. ఆ డాక్టరుగారు ముందు వరసలో ఫోను పట్టుకుని కూచున్నారు, కొడుకు ఫొటో కోసం. ఇప్పుడిది మార్చామంటే మిగతావన్నీ తవ్వుతారు. ఈ పద్ధతి పెట్టింది మీరే కదా. పసిది, రేపటికి మర్చిపోతుంది."

మైకు మేష్టారి చేతిలోనే ఉంది. పందెం అందరూ చూశారు. ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయన డాక్టరుగారి అబ్బాయి పేరు చదివాడు.

వాడు మోకాలి నిండా మట్టితో వచ్చి, "నేను పడిపోయాను కదా సార్," అన్నాడు మెల్లగా.

"వెళ్ళు నాన్నా, తీసుకో."

పెట్టె ఖాళీ చేయాలి కనక మేష్టారే పిచ్చుకను రెక్క పట్టుకుని కిందికి దింపాడు. అది ఏడవలేదు. అందరూ చప్పట్లు కొడుతుంటే అదీ కొట్టింది.

ఆ సాయంత్రం ఆయన కళ్ళు మూసుకుని కూర్చున్నా జపం సాగలేదు. ఎవరి రాత వాళ్ళదని సరిపెట్టుకోబోయాడు. కాని ఇది రాసింది దేవుడు కాదు, తనే. నువ్వూ ఇలాగే పరుగు చూడకుండా పేర్లు రాసేస్తావా స్వామీ అని అడగాలనిపించింది. అడిగే మొహం లేక లేచిపోయాడు.

మర్నాడు ఒక రబ్బరు బంతి కొని, బడిలో పిచ్చుక చేతిలో పెట్టాడు. ఆయా వరండా తుడుస్తోంది. ఆయనకేసి చూడకుండా, "కాళ్ళు తియ్యండి మాస్టారూ," అని మాత్రం అంది.

మధ్యాహ్నం పిచ్చుక బంతి తిరిగి తెచ్చింది. అమ్మ వద్దందట. వెళ్ళబోయి ఆగింది.

"సార్, ఆ అబ్బాయి రిహార్సల్లో గెలిచాడంట కదా. వచ్చే ఏడు నిజం పందెం ఏ రోజో నాకూ ముందే చెప్పండి. జ్వరమొచ్చినా వస్తాను."

మేష్టారు బంతి పుచ్చుకుని, "చెప్తానమ్మా," అన్నాడు.