మెమరీకి బొట్టు

నేను ఒక ర్యామ్‌ను. జానెడు కూడా పొడవుండను, రెండు వేళ్ళ వెడల్పు ఉంటాను. బజార్లో నన్ను మెమరీ అంటారు. ఇంతకంటే పెద్ద అబద్ధం ఇంకోటి లేదు. కరెంటు పోతే చాలు, నాకు అంతకుముందు క్షణం జరిగిందేదీ గుర్తుండదు. మరి ఈ కథ ఎలా చెబుతున్నావని అడగకండి. మీ పెద్దమనుషులు గుర్తులేని సంగతులతో ఆత్మకథలు రాసుకుంటే ఎవరైనా అడిగారా?

నేను పుట్టింది ఏదో దూరదేశంలో, దుమ్ము కణం చొరబడని గదిలో, నిలువెల్లా తెల్లబట్టలు కప్పుకున్న మనుషుల మధ్య. చేరింది కాకినాడలో ఓ కంప్యూటర్ల కొట్టుకి. ఎదురుగా పకోడీల బండి. ఆ పొగ పీలుస్తూ అద్దాల బీరువాలో పది నెలలు పడుకున్నాను.

ఓ ఆదివారం సాయంత్రం సాంబమూర్తి గారు, ఆయన భార్య హైమవతి కొట్టుకి వచ్చారు. ఆయన ఇరిగేషన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. కంప్యూటర్ తెలిసినవాడని ఆఫీసంతటికీ పేరు. ఎవరి కంప్యూటర్ మొరాయించినా వెళ్ళి, మౌసు కుడి మీట నొక్కి, రిఫ్రెష్ అనే మాట మీద పదిసార్లు కొట్టి వస్తారు. అప్పటికీ బాగుపడకపోతే వైరస్ అంటారు. ఆయన "మెమరీ కావాలయ్యా" అని అడగగానే కొట్టు యజమాని ఫోన్లో వేసే గోరంత మెమరీ కార్డు తీసి చేతిలో పెట్టాడు. సాంబమూర్తి గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంతకంటే పెద్ద సైజుది కావాలన్నారు.

అప్పుడు హైమవతి ముందుకొచ్చి, మా కంప్యూటర్లో ఎనిమిది జీబీ ర్యామ్ ఉంది, ఇంకో పదహారు కావాలి అని మోడల్ నంబరుతో సహా చెప్పింది. యజమాని ఆమె వైపు తిరిగి, "ఆయ్, అలా చెప్పండి మేడమ్" అని నన్ను బయటికి తీశాడు.

ఆవిడ సంగతి చెప్పాలి. పెళ్ళికి ముందు కంప్యూటర్ కోర్సు చదివింది. తర్వాత పన్నెండేళ్ళు ఇంట్లోనే పిల్లలకి ట్యూషన్లు చెప్పింది. ఏడాదిగా మళ్ళీ చదువుకుని, చెన్నైలోని ఓ కంపెనీకి ఇంటినుంచే పనిచేసే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. సోమవారం పదకొండింటికి పరీక్ష. ఒకే కంప్యూటర్లో మూడు వర్చువల్ మెషీన్లు నడిపి చూపించాలి. అంటే ఏమీ లేదు, ఒక ఇంట్లో మూడు పోర్షన్లు వేసి అద్దెకిచ్చినట్టు. ఎవరి వంట వారిదే, కానీ అందరికీ నీళ్ళు ఒక్క ట్యాంకులోంచే రావాలి. ఆ ట్యాంకు మేము. ఎనిమిది జీబీతో మూడో పోర్షన్ తెరవగానే ఇల్లంతా ఊపిరాడక నిలిచిపోయేది. సాంబమూర్తి గారు పాపం రిఫ్రెష్ కొట్టారు. బల్లని ఈశాన్యానికి తిప్పించారు. రెండూ పనిచెయ్యలేదు కాబట్టే నేను వచ్చాను.

వచ్చిన రాత్రే నన్ను బిగిస్తే సరిపోయేది. వర్జ్యం ఉందని ఆయన ముట్టుకోనివ్వలేదు. సోమవారం తొమ్మిది దాకా రాహుకాలం. తొమ్మిదీ పదికి ముహూర్తం పెట్టారు. పరీక్ష పదకొండింటికని ఆవిడ రెండుసార్లు గుర్తుచేసింది. బోలెడు టైముందన్నారు.

ముహూర్తానికి నన్ను పళ్ళెంలో పెట్టి అగరొత్తి వెలిగించారు. కొత్త వస్తువుకి బొట్టు పెట్టకుండా ఎలా వాడతామని, తడి పసుపు, దాని మీద కుంకుమ అద్దారు. ఎక్కడ అద్దారనుకున్నారు? నా అంచున బంగారు పూత పూసిన పళ్ళ మీద. కంప్యూటర్‌తో నేను మాట్లాడేది ఆ పళ్ళతోనే. నోరు మూసి, మాట్లాడవేమే అన్నట్టయింది నా పని.

నన్ను బిగించి మీట నొక్కారు. తెర వెలగలేదు. మూడుసార్లు కీచుమంది, అంతే. కొట్టువాడు పాత సరుకు అంటగట్టాడని సాంబమూర్తి గారు చెప్పులు వేసుకోబోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పళ్ళకి పసుపు పట్టించింది మీరు, మోసగాడు కొట్టువాడూనా?

హైమవతి నన్ను ఊడదీసి పొడిగుడ్డతో తుడిచింది. ట్యూషన్ పిల్లల డబ్బాలోంచి పెన్సిల్ రబ్బరు తీసి, తప్పుల్ని చెరిపినట్టే నా పళ్ళ మీద ఎర్రమచ్చలన్నీ ఓపిగ్గా చెరిపింది. మళ్ళీ బిగించి నొక్కింది. తెర వెలిగింది. ఇరవై నాలుగు జీబీ. గడియారం పది దాటింది.

మూడు మెషీన్లూ తెరిచింది. ఆశ్చర్యం, అవి మళ్ళీ నత్తనడకే. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, అదీ సంగతి. ట్యాంకు పెద్దదైంది కానీ ఒక్కో పోర్షన్‌కీ పాత వాటా రెండు జీబీలే రాసి ఉంది. నేను ఖాళీగా కూర్చుని ఏడుస్తున్నాను. సాంబమూర్తి గారు రిఫ్రెష్ కోసం మౌసు అందుకోబోతే ఆవిడ చెయ్యి అడ్డుపెట్టింది. కాసేపు తెర వంక చూసింది. మూడింటినీ ఆపి, వాటాలు రాసే చోటు తెరిచింది.

"తలా ఎనిమిదీ పడెయ్ హైమా, మూడెనిమిదులు ఇరవై నాలుగు. లెక్క సరిపోయింది" అన్నారాయన.

"ఉన్నదంతా అద్దెవాళ్ళకే ఇచ్చేస్తే ఇంటామె ఎక్కడుంటుందండీ?" అందావిడ. తలా ఆరు రాసి, మిగిలిన ఆరూ అసలు కంప్యూటర్‌కి ఉంచింది.

ఆ మాట ఆయనకి కంప్యూటర్ గురించే అనిపించింది. నాకు అలా అనిపించలేదు. పదకొండుకి రెండు నిమిషాలుండగా మూడు మెషీన్లూ గలగలా నడిచాయి. నా జన్మలో మొదటిసారి ఒళ్ళంతా పనిచేశాను. ఆవిడ వాటిని చెన్నైవాళ్ళకి నడిపి చూపించి పరీక్ష పూర్తిచేసింది.

పది రోజుల తర్వాత చెన్నై నుంచి ఫోనొచ్చింది. ఉద్యోగం వచ్చింది, రేపు చేరగలరా అని అడిగారు. సాంబమూర్తి గారు అప్పటికే వీధిలో నలుగురికి, ర్యామ్ వేసింది నేనే అని చెప్పి వచ్చి ఉన్నారు. క్యాలెండర్ చూసి కంగారుపడ్డారు. రేపు అమావాస్య. ఎవరైనా అమావాస్య నాడు కొత్త పనిలో చేరతారా, వారం ఆగమని చెప్పు అని సైగ చేశారు.

ఆవిడ ఫోను మీద చెయ్యి అడ్డుపెట్టి నెమ్మదిగా అంది. "వాళ్ళది అరవదేశమండీ. అమావాస్య వాళ్ళకి మంచి రోజే. నాకూ మంచిదే. పన్నెండేళ్ళుగా మనవాళ్ళ మంచి రోజులన్నీ చూశాను, ఒక్కటీ నా పేరున రాలేదు."

చెయ్యి తీసి, రేపే చేరతానని వాళ్ళకి చెప్పింది.

మర్నాడు తొమ్మిదింటికి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. పక్క గదిలో ఆయన క్యాలెండర్ ముందే నిలబడి ఉన్నారు. ఆవిడ మీట నొక్కింది. పేరు అడిగిన గడిలో హైమవతి అని టైపు చేసింది. ఆ పేరు నేను మోశాను.