చిటికెడు పంచదార

వృద్ధుల నివాసంలో అతాలిబాది ముందు వైపు గది. స్నానానికి సాయం, వేళకు మందులు, మెత్తగా ఉడికిన మాంసం పులుసు, శుక్రవారం గిటారు పాటలు, అన్నీ కూర్చున్న చోటికే వచ్చేవి. తాక్వారెంబో ఊళ్లో అంతకన్నా సుఖంగా ఉన్న ముసలివాడు లేడని ఆయనే అనేవాడు. ఉన్న లోటల్లా ఒక్కటే. భార్య ఎలోయీసా వెనక వైపున, మతిమరుపు వాళ్ల విభాగంలో ఉంది. రోజూ కునుకు తీసి లేచి, నున్నగా తల దువ్వుకుని, పెళ్లిచూపులకు బయల్దేరినట్టు అక్కడికి వెళ్లేవాడు.

“ఎవరండీ మీరు?” అనేది ఆవిడ, మర్యాదగానే.

ఆ మర్యాదే ఆయన్ని చంపేది. ఇన్నేళ్ల కాపురంలో తన ఆనవాలు ఆవిడలో గోరంతైనా మిగిలిందా, మొత్తం తుడిచిపెట్టుకుపోయిందా? అది తేలితే చాలనుకునేవాడు.

ఆ విభాగంలో, ఊరంతా పొద్దూమాపూ తాగే మాతే ఆకు కషాయం ఇచ్చేవారు కాదు. వేడినీళ్లు ఒంటిమీద పోసుకుంటారని భయం. ప్లాస్టిక్ కప్పుల్లో టీ, పక్కన పంచదార పొట్లాలు, అంతే.

“మాతే లేని సాయంత్రమూ ఒక సాయంత్రమేనా, అమ్మాయ్?” అని అతాలిబా నర్సు నెలీ ప్రాణం తోడేశాడు.

“సరే తాతా, మీరు గెలిచారు. నీళ్లు మాత్రం గోరువెచ్చగానే. నేను పక్కనే ఉంటా,” అంది నెలీ.

మర్నాడు ఎలోయీసా, అతాలిబా, నెలీ బల్ల చుట్టూ చేరారు. పక్కన ఒరోస్మాన్ అనే మాజీ రౌతు కూడా కూర్చున్నాడు. అతాలిబా సొరబుర్రలో ఆకు నింపి, వెండి గొట్టం గుచ్చి, ఫ్లాస్కు తనే అందుకున్నాడు. అదే ఆయన చేసిన పొరపాటు. ఒకరు పోస్తే మిగతావాళ్లు వరసగా అదే గొట్టంతో తాగాలి. వాళ్లింట్లో ఆ పోసే పెత్తనం ఏనాడూ ఆయనది కాదు.

“ఇటివ్వవయ్యా! ఆకు మీద అలా గుమ్మరిస్తారా? గేదెల్ని కడుగుతున్నావా?” అంటూ ఎలోయీసా ఫ్లాస్కు లాక్కుంది. మొదటి వంతు తనే తాగి, మొహం చిట్లించింది. “ఈ నీళ్లు కాళ్లు కడుక్కోడానికి పనికొస్తాయి.”

నెలీ నవ్వుతూ వెళ్లి, ఇంకాస్త వేడివి తెచ్చింది.

ఒరోస్మాన్ తన వంతు తాగి, “అబ్బ, ఎంత చేదు! మగాడు తాగేది ఇదీ. థాంక్స్,” అని సొరబుర్ర తిరిగిచ్చాడు. థాంక్స్ అంటే ఇక చాలని అర్థం. ఆ మాట అన్నవాడికి మళ్లీ పోయరు.

తర్వాతి వంతు అతాలిబాది. ఎలోయీసా అటూ ఇటూ చూసింది. ఒరోస్మాన్‌కు కనబడకుండా వీపు తిప్పి, పంచదార పొట్లం చింపి, చిటికెడు బుర్రలో వేసి నీళ్లు పోసింది.

అతాలిబా ఒకప్పుడు పశువుల బేరగాడు. పశువుల సంతలో ఆయన పేరు చెబితే హడల్. అలాంటివాడు తీపి మాతే తాగుతాడని తెలిస్తే తోటి బేరగాళ్లు బతకనిచ్చేవారు కాదు. ఆ గుట్టు తెలిసిన మనిషి ఒక్కతే.

ఆవిడ గొంతు తగ్గించి, “నోరు మూసుకుని తాగెయ్,” అంది. “నీ వాలకం చూస్తేనే తెలిసిపోయింది. మా ఆయనా ఇంతే. చేదు గొంతు దిగదు, నలుగురికీ తెలిస్తే ప్రాణం పోతుంది.”

“మీ ఆయన మంచివాడేనా?”

“ఒట్టి కోపిష్టి. కానీ నా చేత్తో పోసింది తప్ప ఇంకెక్కడా ముట్టడు. ఏ సంతలో తిరుగుతున్నాడో, వచ్చేస్తాడు.”

అతాలిబాకు కళ్లు నిండాయి, కడుపూ నిండింది. గొట్టం గురగురలాడేదాకా తాగాడు. థాంక్స్ అనే మాట నోటిదాకా వచ్చింది. గబుక్కున దాన్ని మింగేసి, ఖాళీ సొరబుర్రను ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ ఇంకో పంచదార పొట్లం అందుకుంది.