దారం కట్టిన కప్పు

ఆదివారం కప్పులు కడిగేటప్పుడు నా కప్పు అన్నిటికంటే చివర్న కడగాలి. దాని పిడికి దారం కట్టి ఉంటుంది. మా దేశంలో మార్చి ఒకటిన, వసంతం వచ్చిందని, మగవాళ్ళు ఆడవాళ్ళకి ఎరుపూ తెలుపూ కలిపి పేనిన దారం కానుకిస్తారు. పెళ్ళయిన ఏడు మావారు కోస్టెల్ ఇచ్చినదాన్ని అత్తగారు ఔరికా తీసుకుని నా కప్పుకి కట్టేసింది. "ఎవరైనా పొరపాటున ఇందులో తాగుతారేమోనని లోరీ, తప్పుగా అనుకోకు" అంది. హెచ్.ఐ.వి. కప్పుల వల్ల అంటదని ఎంత చెప్పినా ఆవిడ చెవికెక్కలేదు. నా చేత్తో క్యాబేజీ ఆకుల్లో మాంసం పెట్టి చుట్టిన పొట్లాలు మాత్రం లొట్టలేసుకుంటూ తింటుంది, ఇంకో రెండు వెయ్యమంటుంది.

పసితనంలో ఆసుపత్రిలో ఇంకెవరికో వాడిన సూదే నాకూ పొడిచారు. మా ఊళ్ళో నా ఈడు పిల్లలకి చాలామందికి ఈ జబ్బు అలాగే వచ్చింది, కొందరు బడి ముఖం చూడకుండానే పోయారు. నేను మాత్రలు మింగుతూ బతికాను. మందు బాగా పనిచేస్తోందనీ, వైరస్ ఇక నా నుంచి మొగుడికి సోకదనీ డాక్టరమ్మ చెప్పిన రోజు కోస్టెల్ కండోముల పెట్టె చెత్తబుట్టలో పడేశాడు. నా ఒంటికి భయపడని మనిషి ఒకడున్నాడని ఎంత ఏడ్చానో. చర్చిలో అందరూ అతన్ని చూపించి "దేవుడిలాంటివాడు" అనేవాళ్ళు. నేనూ అదే అనుకుని, అతని చొక్కాలు ఇస్త్రీ చేస్తూ, అతని తల్లి కాళ్ళకి మందు రాస్తూ ఆ దేవుడి రుణం తీర్చుకుంటున్నాననుకున్నాను.

మాలాంటివాళ్ళకి మామూలుగా చేసే రక్తపరీక్షలో ఈసారి సిఫిలిస్ అని తేలింది, పడకలో అంటుకునే రోగం. నా జన్మకి ఒక్కడే మగవాడు. డాక్టరమ్మ గొంతు తగ్గించి, "మీ ఆయన్నీ తీసుకురామ్మా. నువ్వు మింగే మాత్రలు అతనికి హెచ్.ఐ.వి. రాకుండా కాపాడతాయి గానీ, అతను బయటినుంచి తెచ్చేవాటిని ఆపలేవు" అంది.

ఇంటికొచ్చి అడిగితే కోస్టెల్ బుకాయించలేదు. అదే నయం అనుకున్నాను కాసేపు. సరుకు ట్రక్కు తోలుకుని వెళ్ళినచోట ఎవరో ఒకత్తె ఉందట. "ఒక్కసారే లోరీ, తాగున్నాను." ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని బతిమాలాడు. "అమ్మకి తెలిస్తే తట్టుకోలేదు. నీకెలాగూ ఒకటుంది కదా. ఇదీ దానివల్లే వచ్చిందందాం. నిన్ను ఎవరూ కొత్తగా ఏమీ అనరు."

కొత్తగా ఏమీ అనరు! నా జబ్బుకి భయపడలేదని నేను మురిసిపోయిన మనిషి, అవసరానికి దాని చాటున దాక్కోవచ్చని లెక్కేసుకున్నాడన్నమాట. ఇంకొకత్తెతో పడుకున్నాడన్నదానికంటే ఆ మాటనే నేను క్షమించలేకపోయాను. కుదరదన్నాను. ఇద్దరం పిరుదుల్లో పెన్సిలిన్ సూదులు వేయించుకున్నాం. ఊహ తెలిసినప్పటినుంచీ సూదంటే వణికే నేను పళ్ళు బిగపట్టి నిలబడితే, అతను కుంటుకుంటూ వచ్చి సోఫాలో బోర్లా పడ్డాడు.

ఈ ఆదివారం క్యాబేజీ పొట్లాలు వడ్డిస్తుంటే అత్తగారు ఫోర్కు కింద పెట్టింది.

"వాడు చెప్పాడు. నీ రోగం నా కొడుక్కీ అంటించావటగా! ఎవరూ ముట్టని పిల్లని తెచ్చి నెత్తిన పెట్టుకుంటే, తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు కదే!"

కోస్టెల్ కుర్చీలో ఒక పక్కకి ఒరిగి కూర్చుని ప్లేటులోకి చూస్తున్నాడు. తలెత్తుతాడని, "కాదమ్మా" అంటాడని చూశాను. ఫోర్కుతో పొట్లం ముక్కలు చేశాడు.

నా కప్పు తెచ్చి బల్లమీద పెట్టాను. దారం ముడి బిగుసుకుపోయి ఊడి రాలేదు. కత్తితో కోసేశాను.

"ఇన్నేళ్ళలో ఈ కప్పువల్ల ఈ ఇంట్లో ఎవరికీ ఏమీ రాలేదు అత్తయ్యా. నా జబ్బు మీవాడికి సోకలేదు, డాక్టరమ్మ పరీక్ష చేసి మరీ చెప్పింది. వాడికొచ్చింది సిఫిలిస్. బయట తెచ్చుకుని నాకు పంచాడు."

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "ఏరా?" అంది.

మాత్రల డబ్బా, కప్పూ సంచిలో వేసుకుని, కోటు తొడుక్కుని బల్ల దగ్గరికి వచ్చాను. తెగిన దారం ఆవిడ చేతిలో పెట్టాను.

"ఇది ఎక్కడ కట్టాలో మీ అబ్బాయినే అడగండి."