జంగు మీద చదువు

"గింత పెద్ద చదువు, జంగు మీదనే చదువుతున్నవు. ఇంట్ల పెనానికి జంగు పట్టకుంట చూసుకోరాదా?" అంది అత్త నీలమ్మ. మహేశ్వరి నవ్వి పెనం అందుకుంది. పీచుతో తోముతుంటే దాని మీంచి ఎర్రటి తుప్పునీళ్లు దిగాయి. ఆ వాసనకు మనసు సైదాబాద్ వంటింట్లోంచి లేచి ఫలక్‌నుమాకు పోయింది.

అక్కడ బాపు మొగులయ్యకు లారీ రేడియేటర్లు బాగుచేసే దుకాణం ఉండేది. బోర్డు మీద పేరు బాపుది. లోపల పీట మీద కూర్చుని, గొట్టాల్లో పేరుకున్న ఎర్రమడ్డిని సన్నటి పుల్లతో గీకేది మాత్రం అమ్మ. "మా ఆడామె జర చేతిసాయం చేస్తది, గంతే" అనేవాడు బాపు, వచ్చినవాళ్లతో. బడి నుంచి రాగానే మహేశ్వరి పైపు పట్టుకునేది. తేటనీళ్లు వచ్చేదాకా తల్లీకూతుళ్లకు ఒకటే ముచ్చట్లు. "నీళ్లేగదా అనుకుంటరు బిడ్డా. ఆ నీళ్లే ఇనుమును తింటయి" అనేది అమ్మ. ఆ సాయంత్రాలంత సుఖం మహేశ్వరి మళ్లీ ఎరగదు. అమ్మ పోయి ఏళ్లయినా ఆ బెంగ పోలేదు.

ఇప్పుడు పీహెచ్‌డీ కూడా ఆ తినే నీళ్ల గురించే. సూర్యుడిలో పుట్టే వేడి లాంటిదాన్ని భూమ్మీద పుట్టించే ఫ్యూజన్ రియాక్టర్లో, చల్లబరిచే నీరు గొట్టాల ఉక్కును ఎంత తింటుందో ఆమె కొలవాలి. ల్యాబులో నెలల తరబడి వేడినీళ్లలో ఉంచిన ఉక్కు ముక్కలను రేపు పొద్దున తీస్తారు. తీసిన వెంటనే శుభ్రం చేసి తూచకపోతే చేసిందంతా వృథా. మళ్లీ మొదలుపెట్టడానికి గడువు లేదు.

రేపే ఆడపడుచు బిడ్డను ఊయల్లో వేసే తొట్టెల వేడుక. "వంటకు నువ్వే నిలబడాలె. ఆ ఇనుప ముక్కలకు ఎవరికన్న చెప్పు" అన్నాడు భర్త ప్రేమ్‌రాజ్, ఫోన్లోంచి తలెత్తకుండా. ఎవరికన్న చెప్పడమనేది వంటకూ కుదురుతుందని ఆయనకు తోచనే లేదు. అమ్మ కూడా ఎన్నడూ దేనికీ కాదనలేదు. ఇన్నాళ్లూ అది తలుచుకుంటే అమ్మ మీద ప్రేమ పొంగేది. ఇవాళ కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది.

తెల్లారి పొద్దున్నే ఆమె బ్యాగు తగిలించుకుని గడప దాటింది. వాకిట్లో నీలమ్మ పక్కింటి సలీమా ఖాలాతో మొర పెట్టుకుంటోంది. "ఇంట్ల తొట్టెల పెట్టుకొని, మా కోడలు జంగు జంగు అనుకుంట పోతున్నది."

ఉర్దూలో తుప్పుకు ఒక పలుకు, యుద్ధానికి ఒక పలుకు. తెలుగు నోట్లో పడితే రెండూ జంగే. ఖాలా గుండె మీద చెయ్యి వేసుకుంది.

"జంగ్‌కు పోతున్నవా బేటీ? ఎవరితోని?"

మహేశ్వరి విడమరిచి చెప్పబోయి ఆగింది.

"మావోళ్లతోనే ఖాలా" అని చెప్పులు తొడుక్కుంది.