నీళ్ళు ఎటు పోతాయి?

ఆసుపత్రి బట్టలుతికే విభాగంలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న ఆవిడను అక్కడ అందరూ పెద్దక్క అంటారు. వయసు యాభై ఒకటి. చదువు పదో తరగతితో ఆగిపోయింది. రోజుకు ఆరు వందల దుప్పట్లు ఆవిడ చేతుల మీదుగా పోతాయి. ఆ మధ్య బట్టలు పిండే కొత్త యంత్రం వచ్చినప్పుడు, బిగించడానికి వచ్చిన ఇంజనీరుని ఆవిడ అడిగింది: "ఇది తిరుగుతుంటే నీళ్ళు బయటికే ఎందుకు పోతాయి బాబూ? లోపలికి ఎందుకు రావు?"

"అదంతా ఫిజిక్సు. నీకెందుకమ్మా, మీట నొక్కితే చాలు" అన్నాడతను.

ఆ మాట ఆవిడకు అరికాలిలో ముల్లులా ఉండిపోయింది. నెల తిరక్కుండానే ఫోనులో ఒక ప్రకటన కనబడింది. లెక్కలు లేని భౌతికశాస్త్రం, పది వారాల ఆన్‌లైన్ కోర్సు, ముందు చదువు ఏదీ అక్కర్లేదు, జవాబులు సొంత మాటల్లో రాస్తే చాలు. రెండు రోజులు ఊగిసలాడి చివరికి భర్తతో చెప్పింది.

భర్త ముప్ఫై నాలుగేళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మాస్టారు. "ఫిజిక్సా? నువ్వా?" అని పెద్దగా నవ్వాడు. కానీ ఆ సాయంత్రమే కంప్యూటరు మీది దుమ్ము దులిపి, ఆవిడ పేరు తనే నమోదు చేశాడు. "చేరు చేరు. ఇంట్లో నేనుండగా నీకేం భయం?"

పాఠాలు ఆవిడ బస్సులో, చెవుల్లో తీగలు పెట్టుకుని వినేది. జవాబులు నోటుబుక్కులో పెన్సిలుతో రాసేది. కంప్యూటరు మీద ఒక్కో అక్షరం వెతుక్కోవడం ఆవిడకు చేతనయ్యేది కాదు. అందుకని నోటుబుక్కు మాస్టారికిచ్చి వంటింట్లోకి వెళ్ళేది. కళ్ళజోడు సర్దుకుని ఆయన టకటకా కొట్టి పంపేవాడు.

మొదటి వారం పదికి తొమ్మిది. రెండో వారం తొమ్మిది. మూడో వారం పదికి పది. ఆవిడ నమ్మలేకపోయింది. పనిలో ఆవిడకున్న ఒకే ఒక పెద్ద దిక్కు, ఆవిరి బాయిలర్ చూసే బాబాయి. రిటైరవడానికి ఏడాది మిగిలిన మనిషి. ఆయనతో చెబితే, "ఓసినీ! మా అమ్మాయికి ఇంత బుర్రుందని ఈ ఆవిరిలో ఎవరికి కనబడుద్ది?" అని మురిసిపోయాడు.

మార్కులకన్నా ఇంకో సంగతి ఆవిడకు ఎక్కువ ఆనందమిచ్చింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో భోజనాల దగ్గర వాళ్ళ మాటలు కూరగాయలు, కరెంటు బిల్లు, ఆడపడుచు మోకాళ్ళ నొప్పులు దాటేవి కావు. ఇప్పుడు కంచం ముందు కూర్చుని చందమామ కింద ఎందుకు పడదో మాట్లాడుకుంటున్నారు. ఆవిడ వాదించేది, ఆయన తల ఊపుతూ వినేవాడు. ఈ వయసులో నాకు కొత్త మొగుడు దొరికాడు బాబాయ్ అని ఒకరోజు అనేసి, తనే సిగ్గుపడి నాలిక కరుచుకుంది.

ఆరో వారం ప్రశ్న చూసి ఆవిడ ఎగిరి గంతేసినంత పని చేసింది. తిరిగే డ్రమ్ములోంచి నీళ్ళు బయటికి ఎందుకు పోతాయి? ఏకంగా రెండు పేజీలు రాసింది. అందులో అందరిలా బలమేదో నీళ్ళని బయటికి తోస్తుందనలేదు. కదిలే వస్తువు తన దారిన తిన్నగా పోవాలని చూస్తుంది. దుప్పటిని డ్రమ్ము గోడ లోపలికి నెడుతూ తిప్పుతుంది. చిల్లు దగ్గర నీటికి ఆ గోడ లేదు, తిప్పేవాళ్ళు లేరు, అందుకని తిన్నగా వెళ్ళిపోతుంది. ఇదీ ఆవిడ రాసింది. ఈసారి మాత్రం పదికి ఆరే వచ్చాయి. "ఒక్కోసారి అంతే. నేర్చుకునేటప్పుడు తప్పులు దొర్లుతాయి" అని మాస్టారు ఓదార్చాడు.

ఆ ఆదివారం సాయంత్రం నాలుగింటికి కోర్సు చెప్పే మేడమ్ అందరినీ తెర మీదికి పిలిచింది. చిన్న చిన్న గళ్ళలో ముప్ఫై ముఖాలు. పెద్దక్క ఇస్త్రీ చీర కట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది.

"మీరు ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తారు కదండీ? అలాంటి యంత్రం రోజూ చూసేది మీరొక్కరే. ఆరో వారం ప్రశ్న మీ మాటల్లో చెబుతారా?" అంది మేడమ్.

పెద్దక్క మొదట రెండు మాటలు తడబడింది. యంత్రం కళ్ళముందుకొచ్చాక మాట సాఫీ అయింది. గోడ గురించి చెప్పింది, చిల్లు గురించి చెప్పింది, చేత్తో గాల్లో గుండ్రం గీసి నీటిబొట్టు ఎటు పోతుందో చూపించింది.

మేడమ్ తన దగ్గరున్న జవాబు కాగితం మళ్ళీ చూసింది. "చాలా బాగా చెప్పారు. కానీ మీరు రాసి పంపింది దీనికి పూర్తిగా వ్యతిరేకంగా ఉందే! అపకేంద్ర బలం నీటిని బయటికి నెడుతుందని రాశారు. అందుకే నాలుగు మార్కులు తీసేశాను."

"లేదండీ. నేను అలా రాయలేదు."

మేడమ్ ఆ కాగితాన్ని అందరికీ కనబడేలా తెర మీద పెట్టింది. పైన ఆవిడ పేరుంది. కింద ఉన్న వాక్యాల్లో ఒక్కటీ ఆవిడది కాదు. ఒక గడిలో ఎవరో ముసిముసిగా నవ్వారు. ఇంకెవరో, "ఎవరో రాసిచ్చుంటారు లెండి" అన్నారు, తమ మాట అందరికీ వినబడుతోందని తెలియక.

ఆవిడ వెనక్కి తిరిగింది. గుమ్మంలో మాస్టారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. తుడిచిన చేతులే మళ్ళీ మళ్ళీ తుడుచుకుంటున్నాడు.

మేడమ్‌కి దణ్ణం పెట్టి ఆవిడ తెర ఆపేసింది. పాత జవాబులన్నీ ఒక్కొక్కటే తెరిచి, పక్కన నోటుబుక్కు పెట్టుకుని చదివింది. ఆవిడ బస్సు బ్రేకు గురించి రాసిన చోట పాఠ్యపుస్తకం వాక్యాలున్నాయి. తడిబట్టల బండిని తోయడం గురించి రాసిన చోట నిర్వచనం ఉంది. మూడో వారం పదికి పది తెచ్చిన జవాబులో ఆవిడ రాసిన మాట ఒక్కటీ లేదు.

"మొదటి నుంచీనా?" అని అడిగింది.

"నువ్వు రాసింది తప్పని కాదు..." అన్నాడాయన. "బండి, బురద, సబ్బు నురుగు... అట్లా రాస్తే ఎవరైనా ఏమనుకుంటారు? మాస్టారి భార్య ఇట్లా రాసిందేమిటని నవ్వుతారు. నీ పరువు కోసమే చేశా."

"నా పరువా, మీ పరువా?"

బల్ల మీద ఆయన ఫోను మోగింది. పాత ఉపాధ్యాయుల గ్రూపులో ఎవరో ఏదో పెట్టారు. ఆవిడ అందుకుని చూసింది. వారం వారం ఆవిడ మార్కులు అందులో పెట్టి ఉన్నాయి. 'మా ఆవిడకు నేనే పాఠం చెబుతున్నాను' అని ఆయన రాశాడు. కింద చప్పట్లు, దండలు, 'గురువుగారికి తిరుగులేదు' అని పొగడ్తలు.

"భోజనాల దగ్గర నేను చెబుతుంటే తలూపేవారు. అప్పుడు లోపల నవ్వుకునేవారా?"

"ఛ, లేదు! నిజంగానే బావుండేవి నీ మాటలు."

"బావుంటే ఎందుకు చెరిపేశారండీ?"

కంచే చేను మేసిందనేది ఆవిడ ఎన్నిసార్లో ఊళ్ళోవాళ్ళ సంగతులకు వాడిన సామెత. అది తన ఇంటి గుమ్మంలో తువ్వాలు పట్టుకుని నిలబడుతుందని ఎన్నడూ అనుకోలేదు. కోపం కూడా సరిగా రాలేదు. ఆ తొమ్మిదులు, ఆ పది గుర్తొచ్చి, బాబాయితో గొప్పలు పోయినందుకు సిగ్గుతో చితికిపోయింది.

మర్నాడు సెలవు పెట్టి, మేడమ్‌కి ఉత్తరం తనే కొట్టింది. ఒంటివేలితో, పదకొండు వాక్యాలకు రెండు గంటలు పట్టింది. ఉన్నదున్నట్టు రాసింది. మాస్టారు వెనకాల నిలబడి, "తప్పు నాదని నేనే ఆవిడకి ఫోన్ చేసి చెబుతా" అన్నాడు.

"వద్దు. నా బదులు మీరు మాట్లాడింది చాలు."

మేడమ్ జవాబు మర్యాదగానే వచ్చింది. నియమం ప్రకారం ఇంతవరకు వచ్చిన మార్కులన్నీ రద్దు. సర్టిఫికెట్ ఈసారి ఇవ్వడం కుదరదు. వచ్చే నెల మొదలయ్యే తరగతిలో మొదటి నుంచీ చేరవచ్చు. చివర ఒక మాట కలిపింది: 'మీరు ఆదివారం చెప్పింది ఇకమీద నా పాఠంలో చెప్పుకుంటాను, మీకు అభ్యంతరం లేకపోతే.'

ఆవిడ మళ్ళీ చేరింది. కంప్యూటరుకు కొత్త సంకేతపదం పెట్టుకుంది, అది ఆయనకు చెప్పలేదు. మొదటి వారం పదికి అయిదు. అక్షరదోషాలు దొర్లాయి, ఒక వాక్యం సగంలోనే వెళ్ళిపోయింది. ఆ అయిదును ఆవిడ చాలాసేపు చూసింది. ఇది మాత్రం తనది.

మాస్టారు మెత్తబడ్డాడు. పొద్దున్నే టీ తనే పెట్టి ఇస్తున్నాడు. ఒకరోజు కూర్చోబెట్టి, "క్షమించు" అని పూర్తి మాటే అన్నాడు. ఆ మనిషి నోట ఆ మాట ఆవిడ మొదటిసారి విన్నది. "సరేలెండి" అంది. కానీ భోజనాల దగ్గర మళ్ళీ కూరగాయలే, కరెంటు బిల్లే.

ఎనిమిదో వారం పాఠం వేడి గురించి. గదిలో ఎప్పట్నుంచో ఉన్న ఇనుప కుర్చీ, చెక్క బల్ల రెండూ ఒకే వేడిలో ఉంటాయిట. ఇనుము చేతిలోని వేడిని గబగబా లాగేసుకుంటుంది కాబట్టి చల్లగా తగులుతుందిట. ఆవిడ ఒక చెయ్యి కుర్చీ మీద, ఒక చెయ్యి బల్ల మీద పెట్టి చూసింది. ఆశ్చర్యం పట్టలేక, "ఏవండీ!" అని పిలిచేసింది.

పేపరు చదువుకుంటున్న మాస్టారు గబుక్కున తలెత్తాడు. ఆ ముఖంలో ఆశ చూసి ఆవిడకు జాలేసింది. చెబుదామనే అనుకుంది. నోరు తెరిచింది కూడా. చెరిపేసిన తన జవాబులు గుర్తొచ్చాయి.

"ఏం లేదు. పాలు ఒలికాయేమో అనుకున్నా" అంది.

మర్నాడు బాయిలర్ బాబాయికి చెప్పింది. "నన్ను వెర్రివాణ్ణి చెయ్యకు. ఇనుము చల్లన, గుడ్డ వెచ్చన, ఇది పుట్టినకాడ్నుంచీ చూస్తున్నదే" అని ఆయన కొట్టిపడేశాడు. ఇద్దరూ వార్డులోంచి గది వేడిని కొలిచే ఉష్ణమాపకం అడిగి తెచ్చి, ఇనుప బీరువాకీ, మడతపెట్టిన దుప్పటికీ ఆనించి చూశారు. రెండిటికీ ఒకే అంకె. బాబాయి మూడుసార్లు మళ్ళీ మళ్ళీ పెట్టి చూసి, చివరికి టోపీ తీసి తల గోక్కున్నాడు.

కోర్సు అయ్యేసరికి నూటికి డెబ్భై మూడు వచ్చాయి. సర్టిఫికెట్ ఆసుపత్రి ఆఫీసులో అచ్చు వేయించుకుని, పనిచోట తన బీరువాలో, సబ్బు జాబితాల పక్కన పెట్టుకుంది. మాస్టారు దాన్ని ఇంతవరకు చూడలేదు. చూపించమని అడగలేదు. అడిగితే చూపిస్తుందో లేదో ఆవిడకే తెలియదు.