దవడ కదలకుండా

హేమావతి పెనం దగ్గరే నిలబడి, మాడిన దోసెను రెండు ముక్కల్లో మింగేసింది. అందరికీ పెట్టాక ఆమెకు మిగిలేది అదే. నెమ్మదిగా తినడం ఎలాగో పిల్లలకు నేర్పే టీచరమ్మ భోగం ఇది. బడిలో వారానికి రెండు రోజులు ధ్యాస పీరియడ్ ఆమెదే. ఊపిరిని గమనించడం, చప్పుళ్లు వినడం, ఒక్క గింజను ఐదు నిమిషాలు తినడం. ఆ పాఠం బాగా చెబుతోందని, కళ్యాణదుర్గంలో మూడు రోజులుండి మిగతా టీచర్లకూ నేర్పమని పిలుపొచ్చింది. పన్నెండేళ్ల ఉద్యోగంలో ఆమెను వెతుక్కుంటూ వచ్చిన పిలుపు అదొక్కటే.

"ఊపిరి పీల్చేది గూడా నేర్పాల్నా? దానికి ఊరు పోవాల్నా?" అని భర్త వీరేష్ పగలబడి నవ్వాడు. అత్త సిద్దమ్మకు నవ్వు రాలేదు. "మూడు దినాలకొకసారి కొళాయి వస్తాది. నువ్వు పోతే నీళ్లెవరు పట్టేది?" అంది. మీ కొడుక్కీ రెండు చేతులున్నాయి కదా అని హేమావతి అనలేదు. అనకుండా ఊరుకోవడం ఆమెకు ఎంత అలవాటంటే, అనాలనిపించిన సంగతి కూడా బస్సెక్కేసరికి మరిచిపోతుంది.

ఆ రోజు నాలుగో తరగతి పిల్లలందరి నోట్లో తలా ఒక శెనక్కాయ గింజ. కళ్లు మూసుకుని నములుతున్నారు. గంగాదేవి దవడ మాత్రం కదలడం లేదు.

"అప్పుడే మింగేసినావా పాపా?"

ఆ పిల్ల నోరు తెరిచి చూపింది. గింజ బుగ్గవారన మెత్తబడి ఉంది.

"లేదు టీచర్. సెలవుల్లో మా అమ్మతో విత్తనకాయలు ఒలిచేకి పోతాను. ఎవరు తింటాండారోనని మేస్త్రీ దవడలే చూస్తాంటాడు. బుగ్గన పెట్టుకోని ఊరుకుంటే అదే కరుగుతాది. మా అమ్మ నేర్పింది."

శిక్షణ పుస్తకంలో ఇంత ఓపిక ఎక్కడా రాసి లేదు. హేమావతికి మెచ్చుకోబుద్ధి కాలేదు. ఒళ్లు మండింది. అది మేస్త్రీ మీదో తన మీదో తేలలేదు.

"నములు. ఈడ ఎవరూ ఏమనరు."

గంగాదేవి నమిలే ముందు తలుపు వైపు చూసింది. హేమావతీ చూసింది. హెడ్మాస్టర్ రామదాసు చేతిలో కాగితంతో నిలబడి ఉన్నాడు.

"ఏమమ్మా, మీ ఆయన ఫోన్ చేసినాడు. కళ్యాణదుర్గం నువ్వు పోవంట గదా. పేరు కొట్టేస్తాండా."

తనను ఒక్క మాట అడగకుండా ఇద్దరు మగవాళ్లు పొద్దున్నే తేల్చేసుకున్నారు. పిల్లలంతా కళ్లు తెరిచి చూస్తున్నారు.

"ఆయన్ని ఎవరూ పిలవలేదు సార్," అంది హేమావతి, వెనక బెంచీకి కూడా వినబడేట్టు. "పిలిచింది నన్ను. నేను పోతాండా."