కొత్త బండిని నమ్మని ఆవులు

మా మేనల్లుడు వర్జిల్ పాత పికప్ అమ్మేసి కొత్తది కొన్నాడు. దాని ఇంజన్ తిరుగుతోందో లేదో చెవి పెట్టి వినాల్సిందే.

"ఇంత నిశ్శబ్దంగా ఉందంటే ఏదో దాస్తోంది మామా," అన్నాడు బానెట్ వంక అనుమానంగా చూస్తూ.

"నీలాగా గురక పెట్టాలా అల్లుడూ?"

సాయంత్రానికి మంచు తుఫాను వస్తుందన్నారు. నెబ్రాస్కా బీడులో గాలికి అడ్డు ఉండదు, ఆవుల్ని దొడ్డికి తోలకపోతే బతకవు. వెనక ఎండుగడ్డి వేసుకుని వెళ్లాం. వర్జిల్ హారన్ కొట్టాడు. ఆవులు తలెత్తి చూసి, ఇంకా దూరం జరిగాయి. ఏళ్లుగా పాత బండి దగ్గు విని మేతకొచ్చిన మంద అది.

"చూశావా, వాటికీ దీని మీద నమ్మకం లేదు," అన్నాడు.

నేను వెనక తొట్టిలోకెక్కి, పాత బండి చలికి స్టార్టయ్యేటప్పుడు ఎలా దగ్గేదో అలా దగ్గాను. గడగడమన్నాను. ముసలి ఎర్రావు ఆగి, చెవులు రిక్కించి, ఇటు కదిలింది. దాని వెనకే మందంతా.

"ఆపకు మామా, దొడ్డి దాకా దగ్గుతూనే ఉండు," అంటూ వర్జిల్ బండిని మెల్లగా పోనిచ్చాడు.

గేటు వేసేసరికి మంచు మొదలైంది. నా గొంతు పూర్తిగా పోయింది.

"రేపు మేత వేళకి మళ్లీ రావాలి మరి," అన్నాడు వర్జిల్.

తిడదామంటే మాట పెగల్లేదు.